పునశ్చరణకు కోడ్ అడ్డొచ్చింది

కొండవేమవరం ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పే హైమవతి మేడమ్ చేసిన తప్పల్లా ఒక్కటే. ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు దగ్గర పడుతున్నాయి కదా, రోజూ పొద్దున్నే ఒక గంట ముందు పిల్లల్ని పిలిచి రోజుకో పాఠం మళ్లీ చదివిస్తానని ఒక కాగితం మీద రాసి పై ఆఫీసుకు పంపించింది. అదీ కాగితానికి ఒకవైపే రాసింది. అక్కడే కొంప మునిగింది. ఒకవైపుతో అయిపోయే ప్రణాళికను ప్రణాళికగా గుర్తించే అలవాటు పై ఆఫీసుకు ఏనాడూ లేదు.

దానికి తోడు, ఆ ఆఫీసులో కూర్చునే జిల్లా పర్యవేక్షణాధికారి గారు అప్పుడే ఏదో చల్లటి కొండ ఊళ్లో శిక్షణ శిబిరం ముగించుకుని వచ్చారు. అక్కడ కట్టుకున్న మఫ్లరు ఇంకా మెడలోనే ఉంది. అక్కడ విన్న ఉపన్యాసాలు ఇంకా బుర్రలోనే ఉన్నాయి. ఏ పాఠమైనా చేసి నేర్చుకోవాలే తప్ప చదివి నేర్చుకోకూడదని అక్కడెవరో ఆయనకు గట్టిగా నూరిపోశారు. హైమవతి కాగితం సరిగ్గా ఆ వేడిలో ఆయన బల్ల మీదికి చేరింది. వారం తిరక్కుండా జవాబు వచ్చింది, అదీ రెండువైపులా.

"పౌరశాస్త్ర పునశ్చరణ ప్రణాళికను అధ్యాపకురాలు ఏకపక్షముగా రూపొందించుట నియంతృత్వ ధోరణిగా పరిగణింపబడును. కావున సదరు ప్రణాళికను విద్యార్థులచే ఎన్నుకోబడిన సభ బిల్లు రూపమున చర్చించి ఆమోదించవలెను. తదుపరి మాత్రమే పునశ్చరణ చేపట్టవలెను. ప్రజాస్వామ్యమును ప్రజాస్వామ్యము ద్వారానే బోధించవలెనని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

కెమిస్ట్రీ మాస్టారు ఈ కాగితం చదివి, తన సబ్జెక్టు జోలికి రానందుకు లోపల్లోపల దండం పెట్టుకున్నాడు. ఆమ్లాల పాఠం కూడా చేసి నేర్చుకోమంటే ఎవరి చొక్కా మిగులుతుందో ఆయనకు బాగా తెలుసు.

ప్రిన్సిపాల్ పానకాలరావు గారిది జువాలజీ. కప్పను కోయమంటే కళ్లు మూసుకుని కోస్తారు గానీ, సివిక్స్ పుస్తకం అట్ట కూడా ఎప్పుడూ తిప్పలేదు. ఆయన హైమవతిని పిలిపించి ఉత్తర్వు బల్ల మీద పరిచారు.

"ఏందమ్మా ఇది? సభ అంటాడు, బిల్లు అంటాడు. ఇందులో నేనెక్కడ?"

"సభ పాస్ చేసిన బిల్లు మీద సంతకం పెట్టాలి కదండీ. అంటే మీరు గవర్నరు గారి స్థానంలో ఉంటారు."

పానకాలరావు గారు కుర్చీలో కాస్త పైకి జరిగారు. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆయన్ని ఎవరూ కప్పల మాస్టారు అనడం తప్ప ఇంకో మాట అని ఎరగరు.

"గవర్నరు అంటావా," అన్నారు మెల్లగా. "అయితే ఈ కుర్చీ చాలదమ్మా. సుభానీ! ల్యాబులో వీపు ఎత్తుగా ఉండే కుర్చీ ఒకటుండాల, తుడిచి పట్రా."

అటెండరు సుభానీ కుర్చీ తెచ్చాడు. ఆ విధంగా కొండవేమవరం కాలేజీలో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది.

హైమవతికి మాత్రం ఇవేవీ కాదు, ఎస్తేరు కళ్లముందు మెదిలింది. ఎస్తేరు కిందటేడు అన్ని సబ్జెక్టులూ పాసై, సివిక్స్ ఒక్కటి పోగొట్టుకుంది. ఈ ఏడు ఆ పేపరు కూడా రాయాలి, ఈ ఏటి పేపరు కూడా రాయాలి. తల్లి మరియమ్మ కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీస్తుంది. పిల్లకు తెలివి లేక కాదు. చదివింది ఒక్కసారి తన నోటితో ఎవరికైనా చెబితే తప్ప దాని బుర్రలో నిలవదు. ఇంట్లో వినే తీరిక ఎవరికీ లేదు. అందుకే ఆ పొద్దుటి గంట పెట్టాలని హైమవతి పట్టు పట్టింది. ఒకరు చెబితే ఒకరు వింటారు, అంతే, అంతకు మించి ఆవిడ ప్రణాళికలో ఏమీ లేదు.

"మా అమ్మ ఈసారి ఊరుకోదు మేడమ్," అని చెప్పింది ఎస్తేరు ముక్తసరిగా. "తప్పానంటే పరీక్ష ఫీజు మళ్లీ కట్టనంది. తనతో పాటు మిరపకాయల పనికి నా వాటా చాట కూడా కొని పెట్టింది."

ఆ చాట మాట విన్నప్పటి నుంచి హైమవతికి అన్నం సయించడం లేదు.

సభ మొదలైంది. మొదటి రోజు ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దాని మీద గడిచింది. రెండో రోజు ఫ్యాను కింద ఉన్న బల్ల అధికార పక్షానిదా ప్రతిపక్షానిదా అన్న దాని మీద గడిచింది. ఆ తర్వాత అసలు బిల్లు చర్చకొచ్చింది. ప్రాథమిక హక్కుల పాఠం ముందు చదవాలని ఆడపిల్లలు, స్థానిక సంస్థల పాఠం ముందు చదవాలని సర్పంచుల ఇళ్ల పిల్లలు వాదించారు. విదేశాంగ విధానం పాఠం పొడుగ్గా ఉందని, మన కాలేజీకి విదేశాలతో పనేమీ లేదని, దాన్ని పుస్తకం నుంచే తీసేయాలని వెనక బల్లలవాళ్లు సవరణ ప్రతిపాదించారు.

ప్రతిపక్ష నాయకుడు మల్లిబాబు. మనిషి మంచివాడే, గొంతు ఇంకా మంచిది. అతను ఏ అంశం మీదనైనా సరిగ్గా పదకొండింటికి వాకౌట్ చేసేవాడు. గేటు దగ్గర బజ్జీల బండి వచ్చేది ఆ వేళకే.

ఎస్తేరు రోజూ చెయ్యెత్తేది. "అధ్యక్షా, చదివేదెప్పుడు?"

"గౌరవ సభ్యురాలు ఈ ప్రశ్నను ముందుగా నోటీసు ఇచ్చి అడగవలెను," అనేవాడు సభాపతి. వాడు నిన్నటిదాకా ఎస్తేరు పక్కన కూర్చుని పెన్ను అడుక్కున్నవాడే.

ఎలాగైతేనేం బిల్లు పాసైంది. పెద్దల సభ కూడా ఉండాలని మధ్యలో ఇంకో ఉత్తర్వు రావడంతో మిగతా లెక్చరర్లందరూ పెద్దలయ్యారు. ఎకనామిక్స్ మాస్టారు ఒక కామా మార్పించి, తాము కూడా పని చేశామనిపించారు. చివరకు బిల్లు ఎత్తు కుర్చీ దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆగింది.

రెండు రోజులు చూసి హైమవతి లోపలికి వెళ్లింది.

"సార్, ఆ సంతకం..."

"పరిశీలనలో ఉందమ్మా."

"ఏం పరిశీలించాలండీ? రోజుకో పాఠం అని ఒక్క వాక్యం. అదీ నేను మొదట పంపించిన వాక్యమే."

"నువ్వు చెప్పిందే కదమ్మా, గవర్నరు సంతకం పెట్టొచ్చు, ఆపొచ్చు, వెనక్కి పంపొచ్చు అని. వచ్చిన రోజే సంతకం పెట్టేస్తే ఇంక గవర్నరుకీ పోస్ట్‌మాస్టరుకీ తేడా ఏముంది?"

పానకాలరావు గారు సివిక్స్‌లో ఆ ఒక్క ముక్క మాత్రం కడుపునిండా నేర్చుకున్నారు. హైమవతికి ఒళ్లు మండిపోయింది. అయినా పాఠం చెప్పింది తనే కాబట్టి నోరు మూసుకుని వచ్చేసింది.

సంతకం తేలేని ప్రభుత్వం ఎందుకని మల్లిబాబు అవిశ్వాసం పెట్టాడు. ఓటింగుకు ముందు బజ్జీల బండి గేటు దాటి లోపలికే వచ్చింది. అధికార పక్షం సభ్యులు మూతులు తుడుచుకుంటూ ఒక్కొక్కరే లేచి ఎదుటి బల్లల్లోకి వెళ్లి కూర్చున్నారు. మిగిలినవాళ్లకు కోపం వచ్చి సభనే రద్దు చేయమన్నారు. ఎత్తు కుర్చీ వెంటనే రద్దు చేసింది. దానికి పరిశీలన అవసరం పడలేదు.

ఇక మిగిలింది ఎన్నికలు.

హైమవతి ఆ మర్నాడు తెల్లవారుతూనే కాలేజీకి వచ్చింది. సభా లేదు, బిల్లూ లేదు, కనీసం ఈ నాలుగు రోజులైనా చదివిద్దామని బోర్డు మీద 'ప్రాథమిక హక్కులు' అని రాసింది. ఎస్తేరు ముందు బల్లలో పుస్తకం తెరిచి రెడీగా ఉంది. ఇంతలో పానకాలరావు గారు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తుకొచ్చారు.

"ఆగమ్మా, ఆగు! కోడ్! ఎన్నికల కోడ్ వచ్చింది!"

"వస్తే?"

"కోడ్‌లో కొత్త పథకాలు పెట్టకూడదంట. ఓటర్లకు లబ్ధి చేకూర్చకూడదంట. పాఠం చెప్తే లబ్ధే కదా! ఆఫీసు నుంచి ఫోన్. తుడిచెయ్, తుడిచెయ్ ముందు."

ఆయనే డస్టరు తీసుకుని ప్రాథమిక హక్కుల్ని తుడిచేశారు.

ఎన్నికలప్పుడు ఊళ్లో నాయకుల విగ్రహాలకు గుడ్డలు చుట్టడం అందరూ చూసిందే. సుభానీ కూడా చూశాడు. అందుకని ఎవరూ చెప్పకముందే గోడల మీద ఉన్న నాయకుల పటాలన్నిటికీ పాత పేపర్లు అంటించేశాడు. అంతవరకూ బాగానే ఉంది. సాయంత్రం పర్యవేక్షణాధికారి గారు ఎన్నికల పరిశీలకుడి హోదాలో వేంచేసి, మఫ్లరు సర్దుకుంటూ గదులన్నీ తిరిగి, ఎస్తేరు బల్ల దగ్గర ఆగారు. పుస్తకం ఎత్తి పేజీలు తిప్పారు.

"ఇదేమిటి? ఇందులో నాయకుల చిత్రములు యథేచ్ఛగా దర్శనమిచ్చుచున్నవి!"

"అది పాఠ్యపుస్తకం సార్," అంది హైమవతి.

"ఏ పుస్తకమైతేనేమి? ఓటరు చేతికి నాయకుడి చిత్రము! అదీ పోలింగు ముంగిట! ఇది నిష్పాక్షికతకు గొడ్డలిపెట్టు."

సివిక్స్ పుస్తకాలన్నీ పోగు చేశారు. జువాలజీ ల్యాబులో ఇనప బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, దాని మీద లక్క సీలు వేశారు. నాగుపాము జాడీకీ, మనిషి అస్థిపంజరానికీ మధ్య రాజ్యాంగం భద్రంగా నిలబడింది. కౌంటింగు పూర్తయి, పరిశీలకుడు స్వయంగా వచ్చి చూస్తే తప్ప సీలు తీయకూడదని తలుపు మీద నోటీసు పెట్టారు.

ఎస్తేరు పుస్తకం చివరగా తీసుకున్నారు. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒక క్షణం వదల్లేదు. సుభానీయే తల తిప్పుకుని, "ఇచ్చెయ్ బిడ్డా, మళ్లీ ఇస్తార్లే," అన్నాడు. హైమవతికి ఆ క్షణాన మఫ్లరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాలన్నంత కోపం వచ్చింది. గుంజలేదు. గుంజడానికి బదులు కోడ్ నిబంధనల కట్ట అడిగి తీసుకుని ఇంటికెళ్లింది.

ఆ కట్టను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివిన మనిషి జిల్లాలో ఆవిడ ఒక్కతే అయ్యుండాలి. చదివి చదివి ఒకచోట ఆగి, ఒంటరిగా పకపకా నవ్వింది.

పొద్దున్నే ఎస్తేరును పిలిచింది. "సభా నాయకత్వానికి నామినేషన్ వెయ్యవే."

"నేనా? మల్లిబాబు మీదా? నాకు ఎవరేస్తారు మేడమ్ ఓటు?"

"ఓటు ఎవడిక్కావాలే? కోడ్‌లో పాఠం చెప్పకూడదు, పుస్తకం తెరవకూడదు. ప్రచారం మాత్రం చేసుకోవచ్చు, ఎంత సేపైనా, ఏం మాట్లాడినా. రిటర్నింగ్ అధికారిని నేనే. అభ్యర్థులను రోజూ పిలిచి విషయాలు వివరించడం నా విధి అని రాసే ఉంది."

ఎస్తేరు ముఖం విప్పారింది. ఆమెకు గరిటె గుర్తు కేటాయించారు. మల్లిబాబు పుచ్చకాయ గుర్తు అడిగి తీసుకున్నాడు.

రిటర్నింగ్ అధికారి రోజూ ఉదయం ఇద్దరు అభ్యర్థులనూ పిలిచేది. మల్లిబాబు ఊరేగింపు పనుల్లో ఉండి వచ్చేవాడు కాదు. వచ్చిన ఒక్క అభ్యర్థికి హైమవతి పుస్తకం లేకుండానే ఒక పాఠం వివరించేది. ఆ అభ్యర్థి నేరుగా వేపచెట్టు కిందికి వెళ్లి బెంచీ ఎక్కేది.

"అన్నల్లారా, అక్కల్లారా! గరిటె గుర్తుకే ఓటెయ్యండి! నన్ను గెలిపిస్తే సివిక్స్ అంతా మీకు వచ్చేట్టు చేస్తా, ఇది నా హామీ! నేను గెలిచినా, గెలవకపోయినా, కేంద్ర రాష్ట్ర సంబంధాలు మూడు రకాలు! ఒకటి శాసన సంబంధాలు! రెండు పరిపాలనా సంబంధాలు! మూడు ఆర్థిక సంబంధాలు!"

మొదటి రోజు జనం నవ్వారు. రెండో రోజు నవ్వడానికే వచ్చారు. మూడో రోజు ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. గరిటె సభకు జనం పోతున్నారని పుచ్చకాయ శిబిరంలో కలవరం పుట్టింది. మల్లిబాబు పక్క బెంచీ ఎక్కాడు.

"అబద్ధాలు చెప్తంది! ఆదేశిక సూత్రాలు కోర్టుకెళ్లి సాధించుకోవచ్చు!"

"కుదరదు!" అని అరిచింది ఎస్తేరు. "కోర్టుకెళ్లి సాధించుకునేవి ప్రాథమిక హక్కులు! కావాలంటే పెద్దల్ని అడుగు!"

మల్లిబాబు వెళ్లి పెద్దల్ని అడిగాడు. పెద్దలకు తెలియక మళ్లీ హైమవతినే అడిగారు. ఎస్తేరు చెప్పిందే నిజమని తేలేసరికి మల్లిబాబు పరువు పోయింది. ఆ పరువు నిలబెట్టుకోవడానికి అతను రాత్రికి రాత్రి పక్క ఊరి సీనియర్ దగ్గర పాత నోట్సు సంపాదించి, మర్నాడు విదేశాంగ విధానం మీద దాడికి దిగాడు. ఎస్తేరు తిప్పికొట్టింది. ఇద్దరి అనుచరులూ ఎదుటివాళ్లను తప్పు పట్టడానికి కాచుకుని ప్రతి ముక్కా చెవులప్పగించి వినేవారు. సివిక్స్ క్లాసులో ఏడాది పొడుగునా నిద్రపోయినవాళ్లు, వేపచెట్టు కింద స్పీకరు అధికారాల గురించి చొక్కాలు పట్టుకున్నారు.

పరిశీలకుడు గారు ఒకరోజు వచ్చి చెట్టు నీడన కుర్చీ వేయించుకుని విన్నారు.

"విషయప్రధానమైన ప్రచారము," అన్నారు పానకాలరావు గారితో. "ఎక్కడా పాఠ్యబోధన ఛాయలు లేవు గదా?"

"అబ్బే, లేవండీ," అన్నారు పానకాలరావు గారు. "అంతా రాజకీయమే."

ప్రచారం గడువు ముగిసే వేళకు మల్లిబాబు తన మేనిఫెస్టో విడుదల చేశాడు. అందులో రెండే రెండు హామీలు. ఒకటి, తాను గెలిస్తే అందరికీ బిర్యానీ. రెండు, తాను గెలిస్తే సివిక్స్ పరీక్షే రద్దు.

పోలింగు ప్రశాంతంగా జరిగింది. పుచ్చకాయ బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిచింది. గరిటెకు డిపాజిట్ కూడా దక్కలేదు. గరిటె సభకు రోజూ వచ్చి ముందు వరుసలో నిలబడి విన్నవాళ్లు కూడా లోపలికెళ్లి పుచ్చకాయ మీదే గుద్ది వచ్చారు.

ఎస్తేరు ఆ సాయంత్రం వేపచెట్టు కింద ఒక్కతే కూర్చుని ఉంటే హైమవతి వెళ్లి పక్కన కూర్చుంది.

"గెలవనని తెలుసు మేడమ్. అయినా ఎందుకో బాధగా ఉంది. వాళ్లకు నేను చెప్పిందంతా నిజమే కదా."

"నిజమేనే తల్లీ. అందుకే ఓట్లు రాలేదు. మార్కులు వస్తాయి." అని హైమవతి ఆ పిల్ల తల నిమిరింది.

మల్లిబాబు ప్రమాణ స్వీకారం చేసి, పరీక్ష రద్దుకు గల అవకాశాలను అధ్యయనం చేయడానికి ఒక కమిటీ వేశాడు. బిర్యానీ కోసం ఉపసంఘం వేశాడు. పుస్తకాల సీలు తీయాల్సిన పరిశీలకుడు గారు ఈలోపు ఇంకో చల్లటి ఊరికి శిక్షణకు వెళ్లారు. కమిటీ మొదటి సమావేశం జరగకుండానే పరీక్షలు వచ్చేశాయి, జరిగిపోయాయి కూడా. చివరి పేపరు మర్నాడు పరిశీలకుడు గారు తిరిగొచ్చి సీలు తీశారు. కొత్త సభ మళ్లీ పాస్ చేసి పంపిన పునశ్చరణ బిల్లు మీద పానకాలరావు గారు అదే రోజు పచ్చ సిరాతో సంతకం పెట్టారు. ఆయన రిటైరయ్యేది ఆ నెలాఖరుకే. అందుకని సంతకం పెడుతూ ఫోటో కూడా తీయించుకున్నారు.

ఫలితాలు వచ్చాయి. సివిక్స్‌లో కాలేజీ మొత్తం పాస్. మల్లిబాబు కూడా పాస్, అదీ మంచి మార్కులతో. రద్దు చేస్తానన్న పరీక్షలో పాసైనందుకు అతను కొన్నాళ్లు ఎవరికీ కనబడలేదు. ఎస్తేరు రెండు పేపర్లూ దాటి, అందరికంటే పైన నిలిచింది. మరియమ్మ కొత్త చాట పట్టుకుని కాలేజీకి వచ్చి, "ఇది మీరుంచుకోండి మేడమ్, మా ఇంట్లో ఇంకో మనిషి లేదు దీన్ని పట్టుకోడానికి," అని హైమవతి చేతిలో పెట్టింది. బియ్యం చెరగడం కూడా సరిగ్గా రాని హైమవతి దాన్ని గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఆ సంతోషం రెండు రోజులు నిలిచింది. మూడో రోజు పై ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది.

"పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, మీ కళాశాలలో పునశ్చరణ ప్రణాళిక చట్టము పరీక్షలు ముగిసిన పిదపనే అమలులోనికి వచ్చియున్నది. అనగా పరీక్షలకు పూర్వము ఎట్టి పునశ్చరణ జరిగియుండలేదు. అయినప్పటికీ విద్యార్థులు యావన్మంది ఉత్తీర్ణులైయున్నారు. ప్రణాళికతో నిమిత్తము లేకుండా ఫలితములు సాధించుట ప్రణాళికల పట్ల అవిశ్వాసము కలిగించు చర్యగా ఈ కార్యాలయము భావించుచున్నది. విద్యార్థులు ఏ అధికారమున ఉత్తీర్ణులైరో సదరు అధ్యాపకురాలు తక్షణము సంజాయిషీ సమర్పించవలెను."

హైమవతి ఈసారి కూడా కాగితానికి ఒకవైపే రాసింది.

"అయ్యా, ఎన్నికల్లో ఓడిపోయిన అభ్యర్థి తన హామీని నిలబెట్టుకున్నది. మన దేశ ఆనవాయితీకి విరుద్ధమైన ఈ సంఘటనకు చింతిస్తున్నాను. గెలిచిన అభ్యర్థి వైపు నుంచి ఎటువంటి పొరపాటూ జరగలేదని మనవి."